ఆన్‌లైన్ కోర్సుకి గ్రూప్ స్టడీ: మార్కులొస్తున్నాయి, సబ్జెక్ట్ రావట్లేదు

అమీర్‌పేట్_అభ్యర్థి:
ఎన్‌పీటెల్‌లో (ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) 12 వారాల మెషీన్ లెర్నింగ్ కోర్సు, ఐదుగురి గ్రూప్. ముగ్గురు అమీర్‌పేట్, ఒకరు ఎల్బీనగర్, ఒకరు రాయదుర్గంలో నైట్ షిఫ్ట్. లెక్చర్లు వాటాలేసుకుని నోట్స్ మార్చుకునే పద్ధతి. అసైన్‌మెంట్లు బాగానే పోతున్నాయి, పక్కవాళ్ల వాటాలోంచి అడిగితే మాత్రం ఎవరికీ నోరు పెగలట్లేదు. ఏం మార్చాలి?

చిక్కడపల్లి_చదువరి:
వాటాలేసుకుంటే అంతే మరి. మార్కుల లెక్క చూడండి. బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటుకి 25, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. ఆ 75లో 30 రాకపోతే అసైన్‌మెంట్లన్నీ కరెక్టైనా సర్టిఫికెట్ లేదు. గ్రూప్ ఉన్నది ఆ 75 కోసం.

లెక్చర్లన్నీ అందరూ చూడాల్సిందే. తర్వాత ప్రశ్నలు ఎవరికి వారు చేసి, ప్రతిదానికీ ఎందుకో ఒక్క వాక్యం రాసుకోవాలి. కాల్ ఆ తర్వాతే. అందరి జవాబూ కలిసినవి వదిలేసి కలవని వాటి మీదే కూర్చోండి. తక్కువమంది ఎంచుకున్న జవాబు ఎవరిదో వాళ్లే ముందు మాట్లాడాలి, లేకపోతే చురుకైనవాడి మాటకి అందరూ తలూపేస్తారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల నుంచి క్లాసులో చేయించింది దాదాపు ఇదే: ముందు ఒంటరిగా జవాబు, పక్కవాళ్లతో వాదన, మళ్లీ జవాబు.

షిఫ్ట్_నవాబ్:
ఐదుగురు ఎక్కువే అన్నా. నలుగురైతే దాక్కోనీకి జాగా ఉండదు. తాడు లాగే మనుషులు పెరిగే కొద్దీ తలా పెట్టే బలం తగ్గుతదని 1913లోనే రింగెల్‌మన్ అనే ఫ్రెంచ్ ఇంజనీర్ రాసిండు.

నైట్ షిఫ్ట్ ఉన్నప్పుడు రాత్రి కాల్ పెట్టకండి, ఆదివారం సాయంత్రం 5 చూడండి. జూమ్ ఫ్రీలో 40 నిమిషాలకే కట్ అయితది, నిజానికి అది మేలే. 5 నిమిషాలు జవాబులు పోల్చుడు, 25 తగాదా ప్రశ్నలు, 10 ఎవరో ఒకరు నోట్స్ చూడకుండా ఒక టాపిక్ చెప్పుడు. ఎవరు చెప్పాలో అప్పటికప్పుడు చీటీ తీయండి. ముందే చెప్తే ఆ ఒక్కరే చదువుకొని వస్తరు. వానాకాలం రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టుకోండి, లేదా హాట్‌స్పాట్ రెడీగా ఉంచండి.

కొలాబ్_కష్టజీవి:
కోడ్ ప్రాక్టీస్ దగ్గర ఇంకో గొడవ. ఒకే కొలాబ్ (బ్రౌజర్‌లోనే పైథాన్ కోడ్ నడిపే గూగుల్ టూల్) నోట్‌బుక్‌ని ఇద్దరు ఒకేసారి మారిస్తే ఆటోసేవ్ ఆగి, ఒకరి మార్పులు గల్లంతవుతాయి. ఎవరి కాపీ వారు డ్రైవ్‌లో పెట్టుకుని, పేరులో వారం నంబర్ వేయండి. ఒకరు సెషన్‌లోకి అప్‌లోడ్ చేసిన సీఎస్‌వీ (డేటా పట్టిక ఫైల్) మిగతావాళ్లకి కనపడదు, ఎందుకంటే ఎవరి రన్‌టైమ్ (కోడ్ నడిచే తాత్కాలిక మెషీన్) వారిదే. "ఫైల్ నాట్ ఫౌండ్" వచ్చేది అందుకే. డేటాని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, ప్రతి ఒక్కరూ మై డ్రైవ్‌లో దానికి షార్ట్‌కట్ చేసుకుంటే డ్రైవ్‌ని కొలాబ్‌కి కలిపాక (మౌంట్) ఫైల్ దారి అందరికీ ఒకటే.

పంపే ముందు రన్‌టైమ్ రీస్టార్ట్ చేసి, సెల్స్ (నోట్‌బుక్‌లోని కోడ్ ముక్కలు) అన్నీ పైనుంచి మళ్లీ నడపండి. సెల్స్ వరస తప్పి నడిపితే తీసేసిన వేరియబుల్ కూడా మెమరీలో బతికే ఉంటుంది. మీ దగ్గర నడిచింది అవతల నడవదు. గిట్‌హబ్‌లో (కోడ్ దాచి పంచుకునే సైట్) పెడితే ముందు అవుట్‌పుట్‌లు క్లియర్ చేయండి, లేదంటే ఇద్దరి మార్పులు కలిపే (మెర్జ్) దగ్గర చుక్కలే.

సైదాబాద్_అక్క:
వాట్సాప్‌లో "ఇది రావట్లేదు" అని స్క్రీన్ ఫొటో పెట్టడం మాన్పించండి ముందు. మూడు లైన్లు చాలు: ఏం చేశారు, ఏం వచ్చింది, ఏం రావాలి. కోడ్‌కి ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు (` గుర్తు) పెడితే అక్షరాలు సమానంగా కనిపిస్తాయి, పైథాన్‌లో ఖాళీలకీ అర్థం ఉంది కదా. తీరిన డౌట్లు ఆ రోజే గూగుల్ డాక్‌లోకి ఎక్కించాలి. వాట్సాప్‌లో వదిలేస్తే గుడ్ మార్నింగ్‌ల కింద పోతాయి. గడువు దాటేదాకా జవాబు ఏ, బీ, సీ అని ఎవరూ రాయకూడదు. కారణం మీద ఎంతైనా కొట్టుకోండి.

అమీర్‌పేట్_అభ్యర్థి:
థ్యాంక్స్ అక్కా. కాల్‌లో అస్సలు మాట్లాడని మనిషి ఉంటే?

సైదాబాద్_అక్క:
ఆ వారం స్క్రీన్ షేర్ ఆ మనిషికి ఇచ్చి, మిగతావాళ్లు చెప్పింది టైప్ చేయమనండి. అర్థంకాని చోట చేయి ఆగుతుంది, అప్పుడు ప్రశ్న దానంతటదే వస్తుంది.

షిఫ్ట్_నవాబ్:
పరీక్షకి ముందు ఒక్కసారి ఎదురెదురుగా కూర్చోండి. ఎల్బీనగర్ రెడ్ లైన్, రాయదుర్గం బ్లూ లైన్, రెండూ అమీర్‌పేట్‌లనే కలుస్తయి. లైబ్రరీలకు పోకండి, అక్కడ గట్టిగ మాట్లాడనియ్యరు.