కలగూరగంపా, కలగాపులగమా?

ప్రశ్న:
నాకో మాట కావాలండీ. కథలు, నవలల విషయంలో నా అభిరుచికి హద్దంటూ లేదు. ఇప్పుడు దిండు పక్కన నాలుగు పుస్తకాలున్నాయి: అట్ట ఊడిన డిటెక్టివ్ నవల, మూడు తరాల కుటుంబం కథ, వేరే గ్రహం మీద జరిగే సైన్స్ ఫిక్షన్, దెయ్యాల కథల సంపుటి. నాలుగూ సగం సగమే అయ్యాయి. మొన్న మా చెల్లెలు చూసి, "అక్కా, నీకున్నది టేస్ట్ కాదు, ఆకలి" అంది. నవ్వేశాను గానీ ఎక్కడో గుచ్చుకుంది. ఇంగ్లీషువాళ్లు ఇలాంటి అభిరుచిని ఎక్లెక్టిక్ అని కాస్త మర్యాదగా అంటారు. మనం ఏమనాలి?

ఒక జవాబు:
లోకో భిన్నరుచిః, లోకంలో ఒక్కొక్కరిది ఒక్కో రుచి. అంతే కదా! మన తెలుగులో అయితే పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి.

అడిగినామె:
అవి రెండూ పదిమంది గురించి చెప్పేవండీ. జిహ్వకో రుచి అంటే ఒక్కో నాలుకకు ఒక్కో రుచి అనే కదా. నా సమస్య ఒకే నాలుక, పది రుచులు.

సంస్కృతం మాస్టారు:
నిజమే. ఆ భిన్నరుచి మాట అసలు వచ్చిన చోటు చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. కాళిదాసు కావ్యం రఘువంశం, ఆరో సర్గ, రాకుమారి ఇందుమతి స్వయంవరం. అంగరాజు ముందు నుంచి ఇందుమతి చూపు తిప్పుకుని, పద అంటుంది. అప్పుడు కాళిదాసు అంటాడు: అతను కోరదగనివాడు కాడు, ఆమెకు చూడటం రాకా కాదు, "భిన్నరుచిర్హి లోకః". అంటే ఒకరిని వద్దనుకోవడానికి చెప్పిన సంజాయిషీ అది. మీరేమో దేన్నీ వద్దనడం లేదు! మీకు దగ్గరగా వచ్చేది కాళిదాసుదే నాటకం మాళవికాగ్నిమిత్రంలో ఉంది. రకరకాల రుచులున్న జనానికి నాటకం ఒక్కటే అన్ని విధాలా ఆనందాన్నిస్తుందని నాట్యాచార్యుడు గణదాసు అంటాడు. అక్కడా రుచులు పదిమందివే అనుకోండి.

ఇంకో మాట. సంస్కృత నిఘంటువు అమరకోశంలో నాలుకకు ఉన్న పేర్లలో "రసజ్ఞా" ఒకటి. సాహిత్యంలో రసజ్ఞత అని మనం గొప్పగా చెప్పుకునేది నోట్లో ఉన్న నాలుక పేరే. కాబట్టి మీ చెల్లెలు ఆకలి ప్రస్తావన తేవడం మరీ అన్యాయమేం కాదు.

ఇంకొకరు:
ఆ చెల్లెలుగారి మాటకు శాస్త్రంలో పేరే ఉంది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో భావకులను, అంటే కావ్యాన్ని ఆస్వాదించేవాళ్లను, నాలుగు రకాలు చేశాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నీ మేసేవాడు సతృణాభ్యవహారి. అసూయతో చదివేవాడు మత్సరి. నిజంగా లోతు చూసేవాడు తత్త్వాభినివేశి. మిమ్మల్ని రెండో దాంట్లో వేశారన్నమాట. (నేను మొదటి రకం. పేజీ తిప్పేలోపే విసుగు.)

అడిగినామె:
గడ్డి మేస్తానంటే మాత్రం ఒప్పుకోను. డిటెక్టివ్ నవల్లో హంతకుడు ఆఖరి అధ్యాయంలో కొత్తగా ఊడిపడితే పుస్తకం గోడకేసి కొట్టాలనిపిస్తుంది. ఆధారం ముందే నా కళ్లెదుట ఉండాలి, నేనే చూసుకోలేదని తర్వాత సిగ్గుపడాలి. ప్రేమకథ ఒక్క ఫోన్ చేసుకుంటే తీరిపోయే అపార్థం మీద మూడొందల పేజీలు నడిస్తే వదిలేస్తాను. ఒక్కో రకానికి నా దగ్గర ఒక్కో తూకం ఉంది. రకాలు మాత్రం చాలా.

మరొకరు:
అయితే మీది కలగూరగంప అండీ. చాలామంది దీన్ని తిట్టులా వాడతారు, కలగాపులగంతో కలిపేస్తారు. రెంటికీ తేడా ఉంది. పులగం అంటే బియ్యం, పెసరపప్పు కలిపి వండేది. ఒకసారి ఉడికాక ఏది ఏదో విడదీయలేం. గంపలో అలా కాదు, ఏ ఆకు ఆ ఆకుగానే ఉంటుంది. పైగా ఎవరో చేత్తో ఏరి వేస్తేనే అందులోకి వస్తుంది. దెయ్యం కథకూ కుటుంబ కథకూ ఒకే తూకం వాడేవాళ్లది కలగాపులగం. మీది కాదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
బహురుచి అంటే పోలా? పొట్టిగా ఉంటుంది.

మరొకరు:
అంటే అర్థమవుతుంది. కానీ నిఘంటువు వాసన కొడుతుంది. కలగూరగంప అనగానే కళ్లకు కట్టినట్టు ఉంటుంది, కాస్త నవ్వూ వస్తుంది. ఆ నవ్వు పోగొట్టుకోకండి.

అడిగినామె:
గంప ఖాయం. చెల్లెలికి చూపించాను. "మరి గంప అడుగున వాడిపోయినవి?" అంది. అదీ నిజమే. దెయ్యాల కథల పుస్తకం ఇవాళ తీసేశాను. మూడో కథలో దెయ్యం తను ఎందుకు దెయ్యమైందో రెండు పేజీలు వివరణ ఇచ్చుకుంది.