జట్టంతా ఫస్టియర్ పిల్లలే, ఈ సీజన్ ఇంతేనా?

మేనమామ: మా మేనల్లుడు టెన్నెసీలో చదువుతూ నాకూ కాలేజీ బేస్‌బాల్ పిచ్చి అంటించాడు. వాళ్ళ టీమ్ మంగళవారం మ్యాచ్‌లలో మరీ ఘోరం. సీనియర్లంతా ఏమయ్యారు?

శ్రీను: మూడో ఏడాది అయ్యాక డ్రాఫ్ట్‌కి, అంటే ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్ళను ఎంచుకునే దానికి, వెళ్ళొచ్చండీ. గట్టివాళ్ళు ఆగరు, కొందరు వేరే కాలేజీకి మారతారు. ఇక మంగళవారాలా? మంచి పిచర్లను (బంతి విసిరేవాళ్ళను) శుక్రవారం మొదలయ్యే మూడు మ్యాచ్‌ల సిరీస్‌కి దాచి, వారం మధ్యలో కుర్రాళ్ళకు బంతి ఇస్తారు. ఆ స్కోర్లు చూసి టెన్షన్ పడకండి.

వాణి: 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పిచర్ కుమార్ రాకర్ కూడా ఫస్టియరే. డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకవుట్లతో (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) నో-హిట్టర్, అంటే ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు! ఆ ఏడాది ఒమాహాలో జరిగే కాలేజీ వరల్డ్ సిరీస్ టైటిలూ వాండర్‌బిల్ట్‌దే.

మేనమామ: రాకర్ లాంటివాడుంటే నేనెందుకు అడుగుతానమ్మా! మావాళ్ళు వాక్‌లు (గురి తప్పిన బంతులతో బ్యాటర్‌కి ఊరికే ఇచ్చే ఫస్ట్ బేస్) ఇచ్చి ఇచ్చి చంపుతున్నారు.