విచర్ 3లో చెట్టు కింద ఆత్మ: విడిపియ్యాల్నా, చంపాల్నా?

అన్నలూ అక్కలూ, జర హెల్ప్ చేయండ్రి. నల్లగొండల మా తమ్ముడు, నేను పీసీల విచర్ 3 గేమ్ ఆడుతున్నం, అండ్ల బ్యారన్ అనే కోట దొర కథల నాలుగు రోజుల సంది ఇరుక్కున్నం.

గుట్ట కింద చెట్టు వేర్లల్ల కొట్టుకునే గుండె ఉంటది చూడండ్రి, మొదటిసారి అండ్ల బందీగ ఉన్న ఆత్మ మాట నమ్మి ఎముకలు, కాకి ఈక, నల్ల గుర్రం అన్నీ తెచ్చిచ్చి విడిపించినం. బురదల ఉండే అనాథ పిల్లలు బతికిన్రు కానీ ఊరు ఊరే నాశనమైంది, బ్యారన్ భార్య ఆనా చచ్చిపోయింది, కోటకు తిరిగొస్తే బ్యారన్ చెట్టుకు ఉరేసుకొని వేలాడుతుండు, అది చూసి మా తమ్ముడు కంట్రోలర్ పక్కన పెట్టేసిండు. పాత సేవ్ లోడ్ చేసి రెండోసారి ఆత్మను చంపినం. ఈసారి ఆనా బతికింది గానీ మతి పోయింది, బ్యారన్ ఆమెను తీస్కొని కొండలకు పోయిండు, పిల్లలు మాత్రం మాయం. నాకైతే ఇదే ఎక్కువ బాధైంది.

రెండుసార్లూ బురదల ముగ్గురు మంత్రగత్తెలను కలిసినంకనే గుట్టకు పోయినం. లెవల్ 4 కాడ, బ్యారన్‌ను కలవకముందు సేవ్ ఒకటి ఉంది.

దాన్నుంచి మొదలుపెట్టి, మంత్రగత్తెల కాడికి పోకముందే ఆత్మను విడిపిస్తే పిల్లలూ, ఆనా ఇద్దరూ బతుకుతరా?