బరువు తగ్గాలంటే జిమ్‌లో చేరాల్సిందేనా?

కొత్తపొద్దు:
అందరికీ నమస్తే. నా వయసు 38, బరువు 81 కిలోలు. షుగర్ ఇంకా రాలేదు గానీ అంచుమీద ఉన్నానని, కనీసం ఆరు కిలోలు తగ్గమని డాక్టరు గారు చెప్పారు. ఏడాదికి ఒకేసారి కట్టేసి జిమ్‌లో చేరదామని నా ఆలోచన. మా వారేమో "రోడ్డు ఉండగా జిమ్‌కి డబ్బు దేనికి, నడువు" అంటున్నారు. మా చెల్లెలు "జిమ్ లేకుండా తగ్గితే పోయేది నీరే" అంటోంది. వీళ్లిద్దరి మధ్య రెండు నెలలు గడిచిపోయాయి. ఇంతకీ జిమ్ అవసరమా, కాదా? బరువు తగ్గినవాళ్లు చెప్పండి.

సాయంత్రంనడక:
అవసరం లేదండీ. నేను 14 నెలల్లో 16 కిలోలు తగ్గాను, ఇప్పటివరకు జిమ్ గడప తొక్కలేదు. తీపి పానీయాలు మానేశాను, రెండోసారి వడ్డించుకోవడం మానేశాను, తిన్నది తిన్నట్టు పుస్తకంలో రాసుకున్నాను, రోజూ గంట నడిచాను. ఒంట్లో కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. గంట నడకకు 250 వేసుకోండి, నెలకు కిలో.

మీరు షుగర్ అంచున ఉన్నానన్నారు కాబట్టి ఇంకో సంగతి. అమెరికాలో సరిగ్గా మీలాంటి 3,234 మందితో ఒక పెద్ద పరిశోధన చేశారు, ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో ఒక బృందానికి ఇచ్చిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ. ఎక్కువ మంది ఎంచుకున్నది నడకే. మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చినవాళ్లతో పోలిస్తే ఆ బృందంలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మీ 81 కిలోల్లో 7 శాతం లెక్క కడితే డాక్టరు గారు చెప్పిన ఆరు కిలోల దగ్గరికే వస్తుంది.

మనసుంటే గదిలో ఒక మూల చాలు. జిమ్ కావాలి అనేవాళ్లకు కావాల్సింది సాకు.

చదువరి:
తిండి దగ్గర నోరు కట్టుకోకపోతే జిమ్ అయినా ఒకటే, రోడ్డు అయినా ఒకటే.

ఇనుపపట్టు:
మేడమ్, మీ చెల్లెలి మాటలో సగం నిజముంది. మొదటి వారంలో తగ్గేది చాలావరకు నీరే. ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర ఖర్చవుతుంటే దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. అసలు భయం దాని తర్వాత. తిండి తగ్గించి ఊరికే నడిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. వెయింగ్ మెషీన్ మీద అంకె తగ్గిందని సంబరపడతాం గానీ ఏం తగ్గిందో అది చెప్పదు. కిలో కండ ఊరికే కూర్చున్నా రోజుకు 100 కేలరీలు ఖర్చు చేస్తుంది, దాన్ని పోగొట్టుకోకండి. బరువులు ఎత్తాలి, అందుకు జిమ్ కావాలి. చేరిపోండి.

సాకు అన్న మాట మాత్రం బాగాలేదు.

కీళ్లమాట:
నేను ఫిజియోథెరపిస్టుని. రెండు అంకెలు సరిచేస్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ఇనుపపట్టు గారూ, కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలు. కొవ్వు అయితే నాలుగైదు. ఆ 100 ఎక్కడ పుట్టిందో గానీ జిమ్ గోడలన్నిటి మీదా కనిపిస్తుంది.

సాయంత్రంనడక గారూ, 70 కిలోల మనిషి మామూలు వేగంతో గంట నడిస్తే 250 దగ్గరే. కానీ ఆ గంట కుర్చీలో కూర్చున్నా 70 ఖర్చయ్యేవి. నడక వల్ల అదనంగా వచ్చింది 175 దాకా. నెలకు 680 గ్రాములు, కిలో కాదు.

సాయంత్రంనడక:
నేను మొదలుపెట్టినప్పుడు 92 కిలోలండీ, 70 కాదు. బరువు ఎక్కువైతే ఖర్చూ ఎక్కువే కదా. మీ పద్ధతిలోనే కూర్చున్న ఖర్చు తీసేసి లెక్క కట్టుకున్నా నాకు గంటకు 230 వస్తోంది. నెలకు 900 గ్రాములు. నేను కిలో అన్నదాంట్లో పెద్ద తప్పేం లేదు.

ఇనుపపట్టు:
ఆ 92 ఇప్పుడు 76 అయింది కదా, మరి 230 అలాగే ఉందా? తగ్గేకొద్దీ నడక ఖర్చు కూడా తగ్గుతుంది. పద్నాలుగు నెలలూ నెలకు కిలో అన్నట్టు చెప్పడం కాకిలెక్క.

నా 100 తప్పే, ఒప్పుకుంటున్నాను. విన్నది చెప్పాను. అయినా కండ కరుగుతుందన్న మాట తప్పు కాదు.

కీళ్లమాట:
అది తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ఉంది. అది మెషీన్ల మీదే చేయాలని మాత్రం లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు పుష్‌అప్స్, ఒక రబ్బరు బ్యాండ్. మొదటి మూడు నెలలకు అవి చాలు. ఆ తర్వాత బరువు పెంచుకుంటూ పోవాలి, అక్కడ జిమ్ సులువు.

మేడమెట్లు:
నేను ఏడాదికి కట్టాను. ఆరుసార్లు వెళ్లాను.

సాయంత్రంనడక:
ఇదిగో, చూడండి. మేడమెట్లు గారు ఒక్కరే కాదు. అమెరికాలో జిమ్ సభ్యుల హాజరు మీద 2006లో ఒక అధ్యయనం అచ్చయింది. నెలవారీ రుసుము కట్టేవాళ్లు సగటున నెలకు 4.3 సార్లే వెళ్లారట. విడిగా 10 సార్ల పాస్ కొనుక్కున్నా వాళ్లకు చవగ్గా పడేది. రావాలన్న ఆశకు కడతారు, రావడానికి కాదు. జిమ్‌లు నడిచేదే రానివాళ్ల డబ్బుతో. పట్టుదల ఉన్నవాడికి జిమ్ అక్కర్లేదు, లేనివాడికి జిమ్ పనికిరాదు.

ఇనుపపట్టు:
మళ్లీ అదే మాట. మొదట సాకు అన్నారు, ఇప్పుడు పట్టుదల లేనివాడు అంటున్నారు.

మీరు చెప్పిన 2002 పరిశోధన గురించి నేనూ చదివాను. అందులో వాళ్లను "నడవండి" అని వదిలేయలేదు. మొదటి 24 వారాల్లో ఒక్కొక్కరికీ విడిగా కూర్చోబెట్టి 16 పాఠాలు చెప్పారు. ఏం తింటున్నావు, ఎక్కడ తడబడ్డావు అని అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ సంగతి వదిలేసి 58 శాతం ఒక్కటే పట్టుకొచ్చారు. మీకు నచ్చిన ముక్క ఏరుకుని మిగతాది దాచిపెడితే దాన్నేమంటారు? మీరు తగ్గారు, సంతోషం. తగ్గని ప్రతివాడూ బద్ధకస్తుడేనా?

సాయంత్రంనడక:
దాచిపెట్టానా? సరే, నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో కూడా వినండి.

మా అక్క బరువు తగ్గాలని జిమ్‌లో చేరింది. మొదటిరోజు అందరి ముందూ మెషీన్ ఎక్కించి, అవతల కౌంటర్ దగ్గర రాసుకుంటున్న మనిషికి వినపడేలా అంకె అరిచారు. అడగకుండా ఫొటో తీశారు. వారం తర్వాత వెళ్తే అది లోపల గోడ మీద, ఇలా వచ్చినవాళ్లు ఎలా మారతారో చూడండి అన్నట్టు. అక్క వెనక్కి తిరిగి వచ్చేసింది. నడుద్దాం రా అంటే "నడిస్తే ఏం తగ్గుతుంది, జిమ్‌లోనే తగ్గుతారట, అక్కడికి నేను పోలేను" అనేది. అలా నాలుగేళ్లు. ఇప్పుడు ఇన్సులిన్ వేసుకుంటోంది. సూది పెట్టేటప్పుడు ఒక్కోరోజు నన్ను పిలుస్తుంది, తనకు చెయ్యి వణుకుతుందని.

జిమ్ ఉంటేనే తగ్గుతారు అని ఎవరైనా చెప్పినప్పుడల్లా నాకు ఆ నాలుగేళ్లు గుర్తొస్తాయి. అది లేక ఆగిపోయేవాళ్లు ఎంతమందో మీకు తెలియదు.

చదువరి:
ఇద్దరూ కాస్త నిదానించండి. అడిగినామె చూస్తున్నారు.

ఇనుపపట్టు:
మీ అక్కగారికి జరిగింది చాలా తప్పు. అలాంటి చోట నేనైతే గొడవపెట్టుకునేవాణ్ణి. ఆమె సంగతి తెలియక గట్టిగా మాట్లాడాను.

అయినా నా మాట మారదు. నేను 104 కిలోలుండేవాణ్ణి. మూడేళ్లు ఇంట్లోనే ప్రయత్నించాను. డంబెల్స్ కొన్నాను, చాప కొన్నాను. నాన్నగారు మంచంలో ఉన్నారు. చాప పరిచేసరికి పక్కగదిలోంచి పిలుపు. వెళ్లి పక్కకు తిప్పి పడుకోబెట్టి వచ్చేసరికి చాప మీద మా చిన్నాడు బొమ్మలు పేర్చుకుని ఉండేవాడు. వాణ్ణి లేపలేక నేనే మానేసేవాణ్ణి. డంబెల్స్ మంచం కిందకి పోయాయి, ఊడ్చినప్పుడల్లా చీపురుకు తగిలేవి. మనసు లేదని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ నమ్మాను.

జిమ్‌లో చేరాక ఉదయం 6 నుంచి 7 దాకా ఫోన్ లాకర్లో పెట్టేవాణ్ణి. ఆ గంట మా తమ్ముడు నాన్న దగ్గర కూర్చునేవాడు. జిమ్‌కి డబ్బు కట్టాను కాబట్టి కూర్చున్నాడు. రోడ్డు మీద నడిచొస్తానంటే ఎవడూ కూర్చోలేదు, అది కూడా మూడేళ్లు అడిగాను. నేను మెంబర్‌షిప్‌కి కట్టింది ఆ గంట కోసం. మెషీన్లు నాకు తర్వాతి సంగతి. 22 కిలోలు తగ్గాను. మీరు సాకు అన్నది దాన్నే.

కొత్తపొద్దు:
రెండు రోజులుగా చదువుతున్నాను, జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. ఇనుపపట్టు గారి పోస్టు చదివాక అర్థమైంది, నా సమస్య కేలరీలు కాదు.

గత వారం నడక మొదలుపెట్టాను. మొదటిరోజు తొమ్మిది నిమిషాలకు ఇంటి నుంచి ఫోన్, చార్జర్ ఎక్కడుందని. వెనక్కి వచ్చేశాను. రెండోరోజు అత్తయ్య గారు నేనూ వస్తానన్నారు, ఆవిడ మోకాళ్లతో ఆవిడ ఎంత నడవగలరో అంతే నడిచాను. మూడోరోజు షూ వేసుకుంటుంటే "ఎలాగూ బయటికెళ్తున్నావుగా" అని చేతిలో సంచి పెట్టారు. రోడ్డు మీద నా గంట నాది కాదు. జిమ్‌కి వెళ్తున్నానంటే ఎవరూ సంచి ఇవ్వరు. ఈ మాట మా వారికి చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే మెషీన్ల గురించి వాదించాను.

అలాగని సాయంత్రంనడక గారి అక్కగారికి జరిగింది చదివాక భయంగానూ ఉంది.

కీళ్లమాట:
ఏడాదికి కట్టకండి, ఒక్క నెలకు చూడండి. చేరేముందు మీరు వెళ్లబోయే గంటకే వెళ్లి పావుగంట నిలబడి చూడండి. మీ వయసువాళ్లు, మీ ఒళ్లున్నవాళ్లు కనిపిస్తున్నారా? కొత్తవాళ్లతో ట్రైనర్ ఎలా మాట్లాడుతున్నాడు? మొదటిరోజే చెమటలు కక్కించేవాడైతే వద్దు. మోకాలు నొప్పి ఉంటే ముందే చెప్పండి.

సాయంత్రంనడక:
బరువు విడిగా చూస్తారా అని అడగండి. ఫొటో వద్దని మొదటే చెప్పేయండి, కాగితం మీద రాయించుకున్నా తప్పులేదు. పౌడర్లు, డబ్బాలు అంటగడితే తీసుకోకండి.

జిమ్ ఉంటేనే తగ్గుతారు అన్న మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఇనుపపట్టు గారూ, సాకు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. నాకు సాయంత్రం గంట దొరకడానికి మా ఆవిడ వంటింట్లో ఉండటమే కారణమని నేనెప్పుడూ లెక్కలో రాసుకోలేదు.

ఇనుపపట్టు:
థాంక్సండీ. మీ అక్కగారు ఇప్పుడు నడుస్తున్నారా?

సాయంత్రంనడక:
ఇంట్లోనే, తిన్నాక పది నిమిషాలు. పక్కన నేనుంటే.

కొత్తపొద్దు:
ఈ పేజీ మా వారికి చూపించాను. మొత్తం చదివి, సంచి సంగతి నాకెందుకు చెప్పలేదు అన్నారు. ఒక నెలకు కడుతున్నాం. సోమవారం ఉదయం 6 గంటలకి వెళ్తున్నాను, ఫోన్ ఆయన దగ్గరే ఉంటుంది. కీళ్లమాట గారూ, నా 81 కిలోలకు గంట నడిస్తే అదనంగా ఎంత వస్తుంది? రాసి పెట్టుకుంటాను.

కీళ్లమాట:
సుమారు 200.