ఏసీ ట్రేడ్ విద్యార్థులకు పర్యావరణం పట్టేలా చేయడం ఎలా?

ప్రశ్న:
నేను ఏసీ, రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చెబుతాను. పర్యావరణం మీద మా పిల్లల అభిప్రాయం తెలుసుకుందామని ఒక ప్రశ్నపత్రం ఇచ్చాను. "పర్యావరణాన్ని కాపాడటం నా బాధ్యత" అన్నచోట దాదాపు అందరూ ఒప్పుకుంటాం అని టిక్ పెట్టారు. మర్నాడు ప్రాక్టికల్స్‌లో ఒకబ్బాయి వాల్వ్ తెరిచి గ్యాసంతా బయటికి వదిలేశాడు. బుస్సుమని శబ్దం వస్తుంటే పక్కవాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఇదేంట్రా అంటే, "ఇది ఓజోన్‌కి హాని చేయని కొత్త గ్యాసే కదా సార్" అన్నాడు. ఏం చేయమంటారు?

జవాబు:
సార్, పిల్లలు అబద్ధం రాయలేదు. వాళ్ల దృష్టిలో పర్యావరణం అంటే చెట్లు, ప్లాస్టిక్. చేతిలో ఉన్న వాల్వ్‌కీ దానికీ సంబంధం ఉందని ఎవరూ చూపించలేదు, అంతే. ఆ అబ్బాయి చెప్పిన కొత్త గ్యాస్, అంటే ఆర్‌-410ఏ, ఓజోన్‌ను దెబ్బతీయదన్నది నిజమే. కానీ భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 2,000 రెట్లు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఓజోన్ కోసం వచ్చింది. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించాలని 2016లో కిగాలీలో దానికి సవరణ చేశారు. పిల్లలు సగం పాఠం దగ్గరే ఆగిపోయారు.

నేనైతే ఉపన్యాసం మానేసి తూకం పెట్టాను. ఏసీలోంచి లాగిన గ్యాస్‌ను నింపే రికవరీ సిలిండర్‌ను కాటా మీద పెట్టి, గ్యాస్ లాగకముందు ఎంత, లాగాక ఎంత అని వాళ్లచేతే బోర్డు మీద రాయించాను. 800 గ్రాములు వచ్చింది. అది గాల్లోకి పోయుంటే సుమారు 700 లీటర్ల పెట్రోలు కాల్చినంత నష్టం. లెక్క వాళ్లే వేశారు. క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోయింది.

మరో జవాబు:
ప్రశ్నపత్రం కూడా మార్చండి సార్. "ఒప్పుకుంటారా" అని అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారు. "కస్టమర్ తొందరపెడుతున్నాడు, రికవరీ మెషిన్ బండిలో ఉంది. ఏం చేస్తారు, ఎందుకు?" అని అడగండి. అప్పుడు అసలు అడ్డంకి బయటపడుతుంది. చాలాసార్లు అది నిర్లక్ష్యం కాదు, టైమ్ టెన్షన్.

ప్రశ్న అడిగినవారు:
మా దగ్గర మెషిన్ ఒక్కటే, వంతు రావడానికి చాలాసేపు పడుతుంది. వదిలేయడానికి అదీ కారణమే అనిపిస్తోంది. ఇకనుంచి చిన్న బ్యాచ్‌లు చేస్తాను. రికవరీ తూకం రాయకపోతే ప్రాక్టికల్ పూర్తయినట్టు సంతకం పెట్టను.