సాలిటాన్ వెనక మిగిలే పల్లం: బౌండరీ కండిషన్ ఎటువైపు పెట్టాలి?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను, ఎమ్మెస్సీ ప్రాజెక్టు పని. మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను.

లోతు తక్కువ నీటి అలలకి వాడే కేడీవీ (కోర్టెవెగ్-డి వ్రీస్) సమీకరణం (నాన్‌లీనియర్ పదం గుణకం 6), కుడివైపు మైనస్ ఎప్సిలాన్ యు అనే చిన్న డ్యాంపింగ్, అంటే అలని మెల్లగా తగ్గించే పదం. యు అంటే అల ఎత్తు. ఎప్సిలాన్ 0.02. మొదట్లో సాలిటాన్ (ఆకారం మారకుండా సాగే ఒంటరి అల) ఎత్తు 2; ఎత్తుని 2 కప్పా వర్గం అని రాస్తాం కాబట్టి కప్పా 1.

ఎప్సిలాన్‌లో మామూలు ఎక్స్‌పాన్షన్‌తో సెక్యులర్ పదాలు (టైమ్‌తో పాటు పెరుగుతూ పోయేవి) వచ్చి, కాసేపటికి కరెక్షనే అసలు అలని మింగేసింది. అందుకే మల్టిపుల్ స్కేల్స్‌కి (కప్పాని టైమ్‌తో నెమ్మదిగా మారనిచ్చే పద్ధతికి) మారాను. యు వర్గం ఇంటిగ్రల్‌ని పట్టుకుంటే టైమ్ 20 దగ్గర ఎత్తు 1.17 రావాలి, ప్రోగ్రామ్‌లోనూ సరిగ్గా అంతే వచ్చింది. కానీ మాస్ (యు ఇంటిగ్రల్) మొత్తం సాలిటాన్‌దే అనుకుంటే 0.90 వస్తోంది. రెండూ ఎలా నిజమవుతాయి?

గ్రాఫ్ నిలువు స్కేలుని వంద రెట్లు సాగదీసి చూశాను. సాలిటాన్ వెనకాల చదునుగా, సున్నా కంటే కొంచెం కిందకి, దాదాపు మైనస్ 0.009 దగ్గర ఒక పల్లం. ముందు ఇది ప్రోగ్రామ్ తప్పేమో అనుకున్నాను. డొమైన్ 200 పొడవు, పాయింట్లు 1024 నుంచి 2048 చేశాను, టైమ్ స్టెప్ సగం చేశాను, ఏమీ మారలేదు. ఎప్సిలాన్ సున్నా పెడితే మాత్రం పల్లం మాయం. కాబట్టి తప్పిపోయిన మాస్ అక్కడే ఉందని నమ్ముతున్నాను.

చిక్కల్లా కాగితం మీదే. ఫస్ట్ ఆర్డర్ పరిష్కారాన్ని (సాలిటాన్‌కి ఎప్సిలాన్ స్థాయి కరెక్షన్‌ని) రెండు వైపులా సున్నా చేయలేకపోతున్నాను, ఒక వైపు కాన్‌స్టంట్ మిగిలిపోతోంది. ముందు వైపు సున్నా పెడితే వెనక మైనస్ ఎప్సిలాన్ బై (3 కప్పా) వచ్చి గ్రాఫ్‌తో కలుస్తోంది. కానీ జవాబు చూసి కండిషన్ ఎంచుకున్నట్టుంది, వైవాలో ఇలా చెప్పలేను.

సున్నాని వెనక కాకుండా ముందు వైపే పెట్టాలనడానికి సరైన కారణం ఏమిటి?