దేవరకి అప్పు చేసి పొట్టేళ్ళు కోసేది తెలివితక్కువతనమా?

ఆలూరు పిల్లోడు:
మా ఊర్లో ఈసారి దేవర, అదే ఊరమ్మ జాతర, చేస్తాండారు. ఎకరం పొలం లేనోళ్ళు కూడా నూటికి 3 రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి పొట్టేళ్ళు కొంటాండారు, షామియానా, సౌండ్ బాక్సులు, ఆడబిడ్డలకి చీరలు వేరే. అయిపోయినాక పిల్లోళ్ళని బడి మాన్పించి గుంటూరుకి సుగ్గికి (కోతల పనికి వలస) పోతారు, మిరప కోసి ఆ అప్పు తీరుస్తారు. దుడ్లు లేక కాదు, ఆలోచన లేకే ఇట్ల ఉండారనిపిస్తాంది.

గుత్తి కోట:
కరెక్ట్ బ్రో. పక్కింటోడు రెండు కోస్తే వీడు మూడు కోయాల.

పత్తికొండ టమాటా:
ఏమప్పా అంత తేలిగ్గా అనేస్తివి. లక్షకి నెలకి 3 వేలు, ఏడాదికి 36 వేలు వడ్డీ అని ఆ ఇంటామెకి నీకన్నా బాగా తెలుసు. నీకు జీతం స్లిప్ ఉంటే బ్యాంకోడే ఫోన్ చేసి లోన్ ఇస్తానంటాడు, వాళ్ళకి స్లిప్పూ లేదు సిబిల్లూ లేదు, అర్ధరాత్రి ఆస్పత్రికి పోవాల్సొస్తే పదివేలు చేతిలో పెట్టేది ఆ బంతిలో కూర్చొని తినిపోయినోళ్ళే. వాళ్ళ దేవరకి పోయి తినొచ్చి మనింట్లో పొయ్యి వెలిగించకపోతే వీళ్ళ పనైపోయిందంటారు, ఆ మాట పుట్టిందంటే అంగట్లో ఉద్దర కూడా ఇయ్యరు, పిల్లకి సంబంధం రాదు. అదే ఉన్నోడు మానేస్తే "సింపుల్ మనిషప్పా" అని మెచ్చుకుంటారు చూడు, అదీ తేడా.

గుత్తి కోట:
మరి బడి మాన్పించేది కూడా పరపతి కోసమేనా

పత్తికొండ టమాటా:
దేవర లేని ఏడాది కూడా కోసిగి, పెద్దకడుబూరు దిక్కు నుంచి బండ్లు నిండి పోతానే ఉంటాయి. వాన లేక.

ధర్మవరం మగ్గం:
"ఆలోచన లేక" అన్నావే, దానికి ఒకటి చెప్తా. తమిళనాడు చెరుకు రైతుల మీద చేసిన పరిశోధన 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. అదే రైతులకి కోతకి ముందు చేతిలో దుడ్లు ఆడనప్పుడు ఒకసారి, కోతైనాక ఒకసారి బుర్రకి పరీక్ష పెడితే ముందు పెట్టినప్పుడు తక్కువ వచ్చింది. మనిషి అదే, దుడ్ల గుబులు తలలో తిరుగుతాంటే మిగతాదానికి చోటుండదు. అయితే పత్తికొండన్నా, ఇది నీకూ అడ్డమే, ఇరకాటంలో ఉన్నప్పుడు లెక్క సరిగ్గా వేయలేరనే కదా అది చెప్పేది. మా దగ్గర సావుకారి అడ్వాన్స్ మీద నేసేటోళ్ళని చూస్తా ఉంటా, బాకీ ఉన్నన్నాళ్ళు చీర అప్పజెప్పను పోతే చెప్పులు ఈధిలోనే విడిచి గడప బయట నిలబడే మాట్లాడతాడు, అదే మనిషి బాకీ తీరిన నెలలో లోపలికి పోయి కుర్చీ లాక్కొని టీ అడుగుతాడు.

ఆలూరు పిల్లోడు:
అన్నీ సరేన్నా, ఒక్క పొట్టేలు చాలదా? రెండొందల మందికి పెట్టాలని యాడ రాసుంది?

పత్తికొండ టమాటా:
ఆ మాట మొదట ఊర్లో పెద్దిండ్లోళ్ళకి చెప్పు. వాళ్ళింట్లో ఏడు తెగుతాయి, వాళ్ళనెవరూ తెలివితక్కువోళ్ళు అనరు.

గుత్తి కోట:
ఇంటికి ఒకటే అని రచ్చకట్ట మీద కట్టుబాటు పెట్టుకుంటే పోలా

పత్తికొండ టమాటా:
పెట్టేదెవరు సామీ, ఏడు కోసే ఆయనే కదా రచ్చకట్ట మీద కూర్చునేది